మునిగే గిన్నె, తేలే గిన్నె

ఎడారిలో ఒక జాతి. వాళ్ల చేతుల్లో ఒకదాన్నొకటి తిప్పుకునే పళ్ల చక్రాలు, కీ ఇస్తే రెక్కలాడించే ఇత్తడి డేగలు, వేళకి తలుపు తీసుకుని బయటికొచ్చే బొమ్మ రౌతులు. పిల్లల కథల్లోనూ ఇప్పటి ఆటల్లోనూ ఈ జాతి ఏదో ఒక పేరుతో కనపడుతూనే ఉంటుంది. ఆ పేర్లన్నీ కల్పితాలే. డేగలు మాత్రం నిజంగా ఉండేవి.

డమాస్కస్ పెద్ద మసీదులో జైరూన్ ద్వారం దగ్గర ఒక గడియారం ఉండేది. గంట గడిచేసరికి రెండు ఇత్తడి డేగలు మెడ వంచి, ముక్కున ఉన్న చిన్న లోహపు గుళ్లని కింది గిన్నెల్లోకి జారవిడిచేవి. 1184లో అటు వచ్చిన అండలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ దాని గురించి రాసిపెట్టాడు. దాన్ని కట్టినాయన పేరు ముహమ్మద్ అల్ సాఅతీ. సాఅతీ అంటే గడియారాలాయన అనే. ఆయన పోయాక అది పాడైతే, కొడుకు రిద్వాన్ మళ్లీ బాగుచేసి, ఆ మరమ్మతు గురించి 1203లో ఒక పుస్తకమే రాశాడు. అంతకంటే చాలా ముందు, 807లో, బాగ్దాదు నుంచి ఖలీఫా హారూన్ అల్ రషీద్ ఒక ఇత్తడి నీటి గడియారాన్ని ఐరోపాలోని షార్లమేన్ చక్రవర్తికి కానుకగా పంపాడు. 12 గుళ్లు ఒక్కొక్కటిగా మోగే తాళం మీద పడేవి, 12 కిటికీల్లోంచి 12 మంది రౌతులు బయటికొచ్చేవాళ్లు.

ఇవన్నీ తలుచుకున్నప్పుడల్లా ముందు గుర్తొచ్చేది డేగా కాదు, రౌతూ కాదు. నీళ్ల మీద వదిలితే గడియకి మునిగే, అడుగున చిన్న చిల్లున్న ఒక మామూలు గిన్నె. మన ఊళ్లలో దాన్ని గడియకుడుక అనేవాళ్లు. గడియారం అనే మాట పుట్టింది ఆ గడియలోంచే. గిన్నె మునగగానే వాయించే గంటే చివరికి కాలానికి పేరైంది. ఇప్పుడు "రెండు గంటలైంది" అంటే గుర్తొచ్చేది గోడ మీది ముళ్లు, కంచు చప్పుడు కాదు. పంచాంగంలో మాత్రం ఇంకా గడియలూ విఘడియలూ పక్కపక్కనే అచ్చవుతున్నాయి. గడియ అంటే 24 నిమిషాలు. విఘడియ 24 సెకన్లు. రెండు గడియలు ఒక ముహూర్తం, ఏడున్నర గడియలు ఒక జాము, అరవై గడియలు ఒక పగలూ రాత్రీ. దమ్మిడీ ఆదాయం లేదు, గడియ తీరిక లేదు అని పెద్దవాళ్లు విసుక్కున్నప్పుడు, వాళ్ల నోట పలికింది నీళ్లలో మునిగే ఆ గిన్నె కొలతే.

గిన్నె పనిచేసే తీరు చెప్పడానికి రెండు ముక్కలు చాలు. పెద్ద గంగాళంలో నీళ్లు పోసి, అడుగున చిల్లున్న రాగి గిన్నెని దాని మీద వదులుతారు. చిల్లులోంచి నీరు మెల్లగా లోపలికి ఎక్కుతుంది, అంచు నీటిమట్టానికి రాగానే చుట్టూ ఉన్న నీళ్లన్నీ ఒక్కసారి లోపలికి దూకి గిన్నె బుడుంగుమంటుంది. దీని గొప్పంతా ఆ బుడుంగుమనడంలోనే ఉంది. కుండలోంచి నీరు కారిపోయే గడియారంలో ఎప్పుడు గడియ అయిందో గీత దగ్గర కళ్లు చికిలించి చూడాలి, పైగా కుండలో మట్టం తగ్గేకొద్దీ ధార కూడా తగ్గుతుంది. మునిగే గిన్నె అలా కాదు, అయింది అని తనే చెబుతుంది. నిటారు గోడలున్న గిన్నె అయితే ఇంకో వరం కూడా ఉంది. బయటి మట్టానికీ లోపలి మట్టానికీ మధ్య తేడా గిన్నె బరువుని బట్టే ఉంటుంది కాబట్టి, మొదటినుంచి చివరిదాకా ఆ తేడా మారదు, ధారా మారదు. సగం నిండితే సగం గడియ. అర్ధగోళంలా గుండ్రంగా ఉన్న గిన్నెలో ఈ లెక్క కుదరదు. అడుగున సన్నగా ఉన్నచోట తేడా ఎక్కువ, పైకి వెడల్పయ్యేకొద్దీ తక్కువ. అందుకే గుండ్రటి గిన్నె లోపల అరగడియ గీత పెట్టాలంటే స్కేలుతో సగం కొలిచి పెట్టకూడదు, నీళ్లలో వేసి చూసుకునే పెట్టాలి.

పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం దీన్ని ఒక్క శ్లోకంలో చెప్పి ఊరుకుంది: అడుగున చిల్లున్న రాగి పాత్రని శుభ్రమైన నీళ్లున్న కుండలో ఉంచితే పగలూ రాత్రీ కలిపి అరవైసార్లు మునగాలి. తర్వాతివాళ్లు కొలతలు చేర్చారు. పది పలాల రాగి, ఆరు అంగుళాల ఎత్తు, దానికి రెట్టింపు వెడల్పు, చిల్లు వేయడానికి ఇన్ని మాషాల బంగారంతో నాలుగు అంగుళాల పొడుగు సాగదీసిన సూది. అంగుళం అంటే ఇక్కడ వేలి వెడల్పు, పలం, మాషం పాత తూకాలు. బంగారు సూది మాట వింటే వేడుకగా అనిపిస్తుంది గానీ దాని వెనక కంసాలి తెలివి ఉంది. తూకం వేసిన బంగారాన్ని తెలిసిన పొడవుకి సాగదీస్తే లావు దానంతటదే ఖాయమవుతుంది. మిల్లీమీటరు కొలిచే పరికరం లేని రోజుల్లో తక్కెడతోనే సన్నటి లావుని పట్టుకున్నారు. అయినా 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో ఆ కొలతల జోలికే పోలేదు. కుండలో సగంలా ఉండే రాగి గిన్నె, అడుగున చిల్లు. ఒక పగలూ రాత్రిలో ఎన్నిసార్లు మునుగుతుందో లెక్కపెట్టి, రోజుని ఆ సంఖ్యతో భాగించు, అదే నీ గిన్నె కొలత అన్నాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా పని తెలిసినవాడి మాటలాగా వినిపిస్తుంది నాకది.

ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లకి ఒక లెక్క. లోపలి వెడల్పు 10 సెంటీమీటర్లు, లోతు 6 సెంటీమీటర్లు, గోడలు నిటారు, బరువు 150 గ్రాములు. ఇలాంటి గిన్నెని నీళ్లలో వదిలితే దాదాపు 1.9 సెంటీమీటర్ల లోతు దిగి తేలుతుంది. మునగడానికి ముందు అందులోకి ఎక్కాల్సిన నీరు సుమారు 320 మిల్లీలీటర్లు. 24 నిమిషాల్లో ఎక్కాలంటే చిల్లు దాదాపు 0.9 మిల్లీమీటర్లు ఉండాలి. అదే 0.8 అయితే గడియ అరగంటై కూర్చుంటుంది. 1 మిల్లీమీటరు అయితే పందొమ్మిదిన్నర నిమిషాలకే మునిగిపోతుంది. కాబట్టి మొదట 0.7 దగ్గర మొదలుపెట్టి, సూదిని కొంచెం కొంచెం తిప్పుతూ పెంచుకుంటూ రావాలి. పెద్దదైన చిల్లుని చిన్నది చేయాలంటే టంకంతో మాటు వేసి మళ్లీ మొదటినుంచి రావడమే. చివరి రెండు మూడు నిమిషాల తేడాని చిల్లుతో సరిచేయకూడదు, బరువుతో సరిచేయాలి. ఈ గిన్నెలో 15 గ్రాములు చేరిస్తే దాదాపు రెండు నిమిషాలు ముందే మునుగుతుంది, ఎందుకంటే బరువు పెరిగితే ధారా పెరుగుతుంది, నిండాల్సిన ఖాళీ కూడా తగ్గుతుంది. ఆలస్యంగా మునిగే గిన్నె అడుగున కాస్త మాటు అంటిస్తే సరి. తొందరపడే గిన్నె అంచుని ఆకురాయితో కొద్దిగా తేలిక చేస్తే సరనిపిస్తుంది గానీ అంచు తరిగితే లోతూ తరుగుతుంది, అందుకే గీకేది బయటి గోడనే.

చేతి పనిలో ఎక్కువమంది తడబడేది ఇంకో చోట. గిన్నె సరిగ్గా చేస్తారు, నీళ్లలో వదులుతారు, చుక్క నీరు లోపలికి రాదు. చిల్లు మూసుకుపోయిందనుకుని పెద్దది చేస్తారు, అక్కడితో గిన్నె పాడు. అసలు సంగతి నీటి పొర. 0.9 మిల్లీమీటర్ల చిల్లు నోట నీటి బొట్టు ఉబ్బి నిలబడితే, అది దాదాపు 3 సెంటీమీటర్ల నీటి ఒత్తిడిని ఆపగలదు. మన గిన్నెకున్న తేడా 1.9 మాత్రమే. రాగి మీద కాస్త నూనె జిడ్డున్నా బొట్టు పాకదు, గిన్నె పడవలా తేలుతూనే ఉంటుంది. కుంకుడు రసంతో జిడ్డు పోగొట్టి, లోపల అడుగంతా తడిపి, చిల్లు మీద ఒక చుక్క ఉంచి వదిలితే ఆ పొర చిట్లి ధార వెంటనే మొదలవుతుంది. ప్రతిసారీ ఒకేలా తడపాలి, లేకపోతే మొదటి గడియకీ రెండో గడియకీ పోలిక ఉండదు.

చిల్లు మూసుకుపోవడం అనగానే మనవాళ్లకి భాస్కరాచార్యుడి కూతురని చెప్పుకునే లీలావతి గుర్తొస్తుంది. పెళ్లి వేళ చూడటానికి పెట్టిన గిన్నెలోకి ఆ పిల్ల వంగి చూస్తే నగలోంచి ముత్యం జారి చిల్లుకి అడ్డం పడిందని, ముహూర్తం దాటిపోయిందని చెప్పుకునే కథ. 1587లో అక్బర్ కొలువులోని కవి ఫైజీ, భాస్కరాచార్యుడి లెక్కల పుస్తకం లీలావతిని పారసీకంలోకి తెచ్చినప్పుడు చేర్చిన కథ ఇది. కథ సంగతి ఎలా ఉన్నా, గిన్నె తెలిసినవాళ్లు రాసిన కథే. ముత్యం దాకా ఎందుకు, ఒక ఇసక రేణువు చాలు.

ఇక్కడికి వచ్చాక ఎడారి గురించి మాట్లాడకుండా ఉండలేం. ఇరాన్‌లో గొనాబాద్ ప్రాంతం ఉప్పు ఎడారి అంచున ఉంటుంది. అక్కడ నేల కింద మైళ్ల కొద్దీ తవ్విన సొరంగ కాలువల్లోంచి నీరు ఊళ్లోకి వస్తుంది. కనాత్ అంటారు వాటిని. వచ్చేది ఒకటే పాయ, పంచుకోవాల్సినవాళ్లు వందల మంది. పొలాన్ని బట్టి ఒకడికి ఇన్ని గిన్నెలు మునిగేంతసేపు నీళ్లు, ఇంకొకడికి అన్ని గిన్నెలు మునిగేంతసేపు. ఈ గిన్నెని వాళ్లు ఫెంజాన్ అంటారు. మన గడియకుడుకే, అదే రాగి, అదే చిల్లు, అదే గంగాళం. దాన్ని ఉంచే చోటుకి ఫెంజాన్ ఇల్లని పేరు. సూర్యోదయం, సూర్యాస్తమయం కనపడేలా తూర్పుకీ పడమరకీ కిటికీలుండేవి. గిన్నె మునిగినప్పుడల్లా దాన్ని తీసి, ఖాళీ చేసి, మళ్లీ నీళ్ల మీద పెట్టి, లెక్కకి ఒక గులకరాయిని జాడీలో వేసేవాళ్లు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు, రాత్రింబవళ్లు కనీసం ఇద్దరు కాపలా ఉండాలి. ఊళ్లో నమ్మకమున్న పెద్దవాళ్లకే ఆ పని ఇచ్చేవాళ్లు. తెలంగాణలో చెరువు నీళ్లు వంతులవారీగా పారించే నీరటిని చూసినవాళ్లకి ఆ నమ్మకం బరువెంతో విడమరిచి చెప్పక్కర్లేదు. చేతి గడియారాలు వచ్చాక ఫెంజాన్ ఇళ్లు మూతపడ్డాయి. గిన్నెలు కొన్ని మిగిలాయి. ఇరాన్ కనాత్‌లని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

ఎడారిలో గిన్నెని ఏడిపించేవి మూడు. మొదటిది సున్నపు నీళ్లు. చిల్లు చుట్టూ తెల్లగా పేరుకుంటే గడియ కొద్దికొద్దిగా సాగుతుంది, ఏ రోజుకారోజు ఎవరికీ తెలియదు, నెల తర్వాత మాత్రం ఎవరి పొలానికో నీళ్లు ఎక్కువవుతాయి. రెండోది ఇసక. వడగట్టిన నీళ్లు పోసినా గాలికి వచ్చి పడుతూనే ఉంటుంది. గంగాళం లోతుగా ఉంటే ఇసక అడుక్కి దిగిపోతుంది, తేలే గిన్నె దానికి దూరంగా ఉంటుంది. లోతు తక్కువైతే మునిగిన గిన్నె వెళ్లి ఇసకలోనే కూర్చుంటుంది. మూడోది చలి. ఎడారి పగలు మండినా రాత్రి వణికిస్తుంది. 30 డిగ్రీల నీళ్లకంటే 10 డిగ్రీల నీళ్లు ఒకటిన్నర రెట్లకి పైగా చిక్కన, సన్నటి చిల్లులో ఆ చిక్కదనం తెలుస్తుంది. దీనికి మందు చిల్లున్నచోట రేకుని పలచగా కొట్టడం. చిల్లు మందపాటి రేకులో సొరంగంలా ఉంటే చలి ప్రభావం ఎక్కువ, పలచటి రేకులో వట్టి రంధ్రంలా ఉంటే తక్కువ.

ఈ గిన్నెలన్నిటికీ ఒకటే లోటు. మునిగిన గిన్నెని ఎవరో ఒకరు చెయ్యి పెట్టి తీయాలి. కునుకు పడితే కాలం ఆగిపోతుంది.

ఆ చెయ్యి అక్కర్లేకుండా చేసినవాడు అల్ జజరీ. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ ఉన్న జజీరా నేల ఆయనది, పేరులో ఉన్నదీ అదే. ఇప్పుడు టర్కీలో ఉన్న దియార్‌బకీర్‌ని అప్పట్లో ఆమిద్ అనేవాళ్లు. నల్లరాతి కోటగోడల ఊరు. అక్కడి ఆర్తుకిద్ రాజుల దగ్గర పాతికేళ్లు కొలువు చేసి, రాజు నాసిరుద్దీన్ మహమూద్ అడిగితే 1206 నాటికి తన యంత్రాలన్నిటినీ పుస్తకంలో పెట్టాడు. మొత్తం 50 యంత్రాలు. గడియారాలు పది, పానపాత్రలు పది, చేతులు కడిగే పళ్లేలూ రక్తం తీసినప్పుడు కొలిచే పళ్లేలూ పది, ఫౌంటెన్లు, వాటంతటవే మోగే పిల్లనగ్రోవులు పది, నీళ్లు తోడేవి ఐదు, మిగతావి ఐదు. అంతకు మూడున్నర వందల ఏళ్ల ముందు, సుమారు 850లో, బాగ్దాదులో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు వంద దాకా యంత్రాలు వర్ణించారు. వాళ్లది పండితుల చెయ్యి, ఇతనిది పనివాడి చెయ్యి. ఎంత కొలత, ఎక్కడ మాటు, ముందేది చేయాలి, తర్వాతేది అన్నట్టు రాస్తాడు. తర్వాత వచ్చేవాడు చూసి చేసుకోవాలన్నదే అతని తపన.

అతని ఏనుగు గడియారం గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. ఏనుగు మీద మావటి, మావటి వెనక అంబారీ, అంబారీలో కలం పట్టుకున్న లేఖకుడు, పైన చిన్న మేడ, అందులో కూర్చున్న ఒక పెద్దమనిషి, అతనికి రెండు వైపులా రెండు డేగలు, వాటి కింద ఇరుసు చుట్టూ మెలికలు తిరిగిన రెండు పాములు, అన్నిటికంటే పైన ఒక పక్షి. చూసేవాడి కళ్లు ఇవన్నీ లాగేసుకుంటాయి. పనంతా జరిగేది ఏనుగు పొట్టలో. అక్కడ నీళ్ల తొట్టి ఉంటుంది, తొట్టిలో చిల్లున్న గిన్నె తేలుతూ ఉంటుంది. అరగంటకి మునిగేలా చిల్లు వేసిన గిన్నె.

గిన్నె దిగుతుంటే దానికి కట్టిన తాడు గిలక మీదుగా లేఖకుణ్ణి మెల్లగా తిప్పుతుంది. కలం మొన గీతల మీద జరుగుతూ అరగంటలో ఏడున్నర డిగ్రీలు దాటుతుంది. రోజుకి 360 డిగ్రీలు, గంటకి 15, అరగంటకి ఏడున్నర. గిన్నె బుడుంగుమనగానే గొలుసు జోరుగా లాగబడి, పైన మేడలో ఒక గుండు విడుదలవుతుంది. అది దొర్లుతూ పైపక్షిని గిర్రున తిప్పుతుంది, డేగ ముక్కులోంచి కింది పాము నోట్లో పడుతుంది. గుండు బరువుకి పాము తల వంచుతూ కిందికి దిగుతుంది, దాని రెండో వైపు గొలుసు మునిగిన గిన్నెని పైకి లాగుతుంది. కిందికి దిగిన పాము గుండుని కలశంలో వదులుతుంది, మావటి ఏనుగుని కొడతాడు, లోపల తాళం మోగుతుంది. బరువు దిగిన పాము మళ్లీ పైకి లేస్తుంది. అప్పటికి గిన్నె ఖాళీ అయి తేలుతూ మళ్లీ నిండటం మొదలుపెట్టి ఉంటుంది. తర్వాతి అరగంటకి రెండో డేగ, రెండో పాము.

ఈ పనితనంలో సున్నితమైన చోటు గిన్నెకి వేసిన మడత బందు. గిన్నెని తొట్టి పక్కకి బందుతో తగిలించాడు. నిట్టనిలువునా ఎత్తాలంటే గిన్నెడు నీళ్ల బరువూ మొయ్యాలి, ఒక్క గుండు చాలదు. ఒక పక్క పట్టి ఎత్తితే గిన్నె ఒరుగుతూ లేస్తుంది, లేస్తూనే నీళ్లు ఒలకబోస్తుంది, చివరికి మిగిలేది రాగి బరువే. చేంతాడు బొక్కెనని ఒంచి నీళ్లు పారబోసే చెయ్యి ఎవరిదైనా ఈ కిటుకు వెంటనే పట్టుకుంటుంది. ఇలాంటిది కట్టి చూసేవాళ్లు చిక్కుకునేది గొలుసు పొడవు దగ్గర. గొలుసు బిగువైతే గిన్నె పూర్తిగా మునగక ముందే వేలాడి ఆగిపోతుంది, గుండు పడదు. వదులైతే పాము అడుగుదాకా దిగినా గిన్నె సగమే ఒరిగి లోపల నీరు మిగిలిపోతుంది, తర్వాతి అరగంట పాతిక నిమిషాలో ఇరవయ్యో అవుతుంది. పాము తూకం కూడా అంతే. నోట్లో గుండు లేనప్పుడు తల పైకి లేవాలి, గుండు పడ్డప్పుడు గిన్నెని ఎత్తేంత బరువుగా దిగాలి. గుళ్లన్నీ ఒకే తూకం లేకపోతే ఒక అరగంట బాగా నడిచి మరో అరగంట నడవదు, కారణం పాములోనో గిన్నెలోనో వెతుకుతూ కూర్చోవాలి.

పైన గుళ్లున్నంతసేపే గడియారం నడుస్తుంది. పగలు 12 గంటలకి 24 గుళ్లు. వాటిని ఏరి మళ్లీ పైకి చేర్చేది మనిషే. ఒకప్పుడు మన ఇళ్లలో వారానికోసారి గోడ గడియారానికి కీ ఇచ్చినట్టే, ఒకసారి ఎత్తిపెట్టిన బరువు మెల్లమెల్లగా దిగుతూ పని చేస్తుంది. కీ గడియారంలో ఆ బలం స్ప్రింగులో చుట్టుకుని ఉంటుంది, ఇక్కడ ఎత్తున ఉన్న గుండులో.

జజరీ పెద్ద గడియారం ఇంకోటి ఉంది, మనిషికి రెట్టింపు ఎత్తు, 12 తలుపులు, రాశిచక్రం, డేగలు, వాద్యగాళ్లు. అందులో గిన్నె కాదు, కారే నీళ్లు. మట్టం తగ్గితే ధార తగ్గుతుందన్న పాత బెడదకి అతను వాడింది తేలే బిరడా. తొట్టి కింద చిన్న గది, అందులో తేలే బెండు, దాని నెత్తిన శంఖాకారపు బిరడా. గదిలో నీరు పెరిగితే బిరడా పైకి లేచి దారి మూస్తుంది, తగ్గితే దిగి దారి ఇస్తుంది. గదిలో మట్టం మారదు, ధార మారదు. మన మేడ మీది ట్యాంకులో బంతి వాల్వు చేసే పని అదే. బిరడా నీరు కారకుండా కూర్చోవడానికి దాన్నీ అది కూర్చునే నోటినీ గరుకైన ఎమరీ రాతిపొడితో కలిపి నూరేవాడు. నీరు బయటికొచ్చే రంధ్రాన్ని రాగిలో కాకుండా ఓనిక్స్ రాయిలో తొలిపించాడు, అరగదు, తుప్పు పట్టదు. అప్పట్లో పగటిని ఎప్పుడూ 12 గంటలుగానే పంచేవాళ్లు, ఆ గంటలు ఎండాకాలం పొడుగు, చలికాలం పొట్టి కాబట్టి, రంధ్రాన్ని రోజుకి తగ్గట్టు ఎత్తు మార్చే చక్రం పెట్టాడు. పాతవాళ్ల గీతలు పరీక్షించి, సరిపోకపోతే, నీళ్లు పోసి చూసుకుంటూ తన గీతలు తనే పెట్టుకున్నాడు.

పని మీద ప్రేమ ఉన్నవాళ్లు ఈ పుస్తకంలో వెతుక్కునేవి ఇలాంటివే. ముందు కాగితంతో నమూనా చేసి చూడటం. చెక్క వంకర పోకుండా పలచటి పలకలు ఒకదాని మీద ఒకటి అంటించడం. చక్రాన్ని ఇరుసు మీద వదిలి ఏ వైపు బరువుగా దిగుతుందో చూసి సరిచేయడం. మూసిన పెట్టెలో ఇసక అచ్చు పోసి లోహం పోయడం. మన కంచరి వీధుల్లో పనిచేసినవాళ్లకి ఇందులో సగం కొత్త కాదు.

కథల్లోని పళ్ల చక్రాల మాటకొస్తే అవీ ఉన్నాయి. 1221 ప్రాంతంలో ఇస్ఫహాన్‌కి చెందిన ముహమ్మద్ ఇబ్న్ అబీ బక్ర్ చేసిన ఆస్ట్రోలేబు, అంటే సూర్యుడూ నక్షత్రాల స్థానాలు చూసే పరికరం వెనక సూర్యుణ్ణి, చంద్రుణ్ణి తిప్పే పళ్ల చక్రాలున్నాయి. చెక్కుచెదరకుండా మిగిలిన పళ్ల చక్రాల యంత్రాల్లో అదే అన్నిటికంటే పాతది, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. అంతకుముందే పండితుడు అల్ బిరూనీ అలాంటిదాన్ని వర్ణించాడు. మొరాకో ఫెజ్ నగరంలో బూ ఇనానియా మదరసా ఎదురుగా 1357లో పెట్టిన నీటి గడియారం గోడ ఇంకా నిలబడి ఉంది. పన్నెండు కిటికీలు కనపడతాయి. లోపలి యంత్రం పోయింది, ఎలా నడిచేదో ఇప్పుడు ఊహే.

జజరీ ఏనుగుని మాత్రం నిలువెత్తున చూడొచ్చు. దుబాయ్‌లో ఇబ్న్ బతూతా మాల్‌లో, భారతదేశం పేరున్న మండపంలో, అతని పుస్తకాన్ని అనుసరించి కట్టిన ఏనుగు గడియారం ఉంది. సెలవు రోజు అటు వెళ్లే మన గల్ఫ్ కుటుంబాలకి కంటపడే వస్తువే. వెళ్లినవాళ్లు డేగల దగ్గర ఆగిపోకుండా, పాము దిగేటప్పుడు గొలుసు ఎటు కదులుతుందో చూడండి. పొట్టలో గిన్నె లేస్తున్న క్షణం అదే.

ఇంట్లో గిన్నె చేసుకున్నవాళ్లకి ఒక జాగ్రత్త. రాగి కదా అని చింతపండుతో తోమేస్తాం. గిన్నె బయటంతా తోమండి, చిల్లు చుట్టూ రెండు వేళ్ల మేర మాత్రం పులుపు తగలనీయకండి. చిలుముతోపాటు కాస్త రాగి కూడా పోతుంది, చిల్లు ఏటికేడు పెరుగుతుంది. సున్నం పేరుకుంటే సూది పెట్టకుండా గుర్రపు తోక వెంట్రుకని దూర్చి ముందుకీ వెనక్కీ ఆడించండి. వాడాక బోర్లించి ఆరబెట్టండి. శుభ్రం చేసిన ప్రతిసారీ మళ్లీ లెక్క చూసుకోవాలి. సూర్యుడు పొడిచిన వేళ నీళ్లలో వదిలి, మర్నాడు పొడిచేదాకా ఎన్నిసార్లు మునిగిందో గులకరాళ్లతో లెక్కపెట్టండి. అరవై రావాలి. యాభై ఎనిమిది వస్తే అడుగున ఇంకాస్త మాటు.